అల ఆపకు, గణపతీ

సముద్రానికి అడ్డంగా గోడ కట్టి, గోడకు ఇవతల సముద్రం చూపిస్తామని టిక్కెట్లు అమ్మే తెలివి మా సూరత్‌లో తప్ప ఇంకెక్కడా పుట్టదు.

డుమస్ తీరానికి నేను చిన్నప్పటి నుంచీ వస్తున్నాను. అక్కడ ఇసుక నలుపు, నీళ్లు బురద రంగు. పోటు తగ్గిందంటే సముద్రం ఎటు పోయిందో వెతుక్కోవాలి. ఆదివారం మా పేట భేస్తాన్ నుంచి ఆటోలో ఇరుక్కుని వచ్చి, టమాటా భజియాలు తిని, నీళ్లలో పాదాలు తడుపుకుని, కుచ్చిళ్లకు అంటిన బురదను తిట్టుకుంటూ ఇంటికి పోతాం. మాకు ఆ సముద్రంతో ఏ పేచీ లేదు. ఎవడో బిల్డరుకే అది నచ్చలేదు. డుమస్ దాటాక ఎత్తుగా గోడ కట్టించాడు. లోపల లారీలకు లారీలు తెల్ల ఇసుక పోయించాడు. ఎక్కడివో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా తెచ్చి పాతాడు. మధ్యలో చెరువంత తొట్టి కట్టి, అందులో మిషన్‌తో అలలు పుట్టించాడు. ఆ అలల మీద పలక వేసుకుని నిలబడే ఆటను సర్ఫింగ్ అంటారట. అందుకని ఆ చోటుకు 'సర్ఫ్ గామ్' అని పేరు. గామ్ అంటే గుజరాతీలో ఊరు. ఒక కిరాణా కొట్టు లేదు, ఒక కుక్క లేదు, పొద్దున్నే తగువులాడే పొరుగింటివాళ్లు లేరు. ఇదీ ఊరే! గేటు మీద మాత్రం ఇంత లావు అక్షరాలతో 'నిరాంత్' అని రాశారు. తీరిగ్గా ఉండటమని దాని అర్థం.

అలాంటి చోట నేనూ నా మొగుడు రాజలింగమూ మూడు రోజులు ఉండటానికి వెళ్లాం. నవ్వేవాళ్లు నవ్వండి గానీ కారణం విని నవ్వండి. ఆయనకు నిద్ర పట్టడం లేదు.

రాజలింగం సాంచలు నడుపుతాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచలంటారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ మా కాపురం భేస్తాన్‌లో కార్ఖానా మీది గదిలోనే. కింద సాంచలు, పైన మేము. రాత్రి డ్యూటీ దిగి మెట్లెక్కి వచ్చి, నాలుగు ముద్దలు తిని పడుకునేవాడు. కింద పగటి డ్యూటీ వాళ్లు సాంచలు ఆడిస్తుంటే గూట్లో స్టీలు గ్లాసులు నడుచుకుంటూ అంచుదాకా వచ్చేవి. మా కూతురు ప్రవల్లిక ఆ గదిలోనే పుట్టి పెరిగింది. మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. మెల్లగా మాట్లాడితే ఎవరికి వినపడాలి?

మొన్న దీపావళి వెళ్లాక సేఠ్ ఆ సాంచలన్నీ తుక్కువాడికి అమ్మేశాడు. షెడ్డు చీరల గోదాము అయింది. రాజలింగానికి పక్క గల్లీలోనే ఇంకో కార్ఖానాలో పని దొరికింది కాబట్టి తిండికి లోటు రాలేదు. నిద్రకే వచ్చింది. ఇంటికొచ్చి పడుకుంటాడు, అటు దొర్లుతాడు, ఇటు దొర్లుతాడు, లేచి కూర్చుంటాడు. ఇంట్లో మూతపడని కన్ను కార్ఖానాలో మూతపడేది. ఒకరోజు సాంచ ముందు నిలబడే కునికాడు. చెయ్యి లోపలికి పోబోతుంటే పక్క సాంచ మీద ఉన్న నర్సింగం చొక్కా పట్టి వెనక్కి లాగాడు. కొత్త సేఠ్ అది చూడనే చూశాడు. "ముందు నిద్ర బాగుచేసుకుని రా. నెలాఖరు దాకా చూస్తా, తర్వాత ఇంకొకణ్ణి పెట్టుకుంటా" అని ఇంటికి పంపేశాడు. సేఠ్ సంగతి అలా ఉంచండి. నాకైతే ఆ చెయ్యి తలుచుకుంటేనే అన్నం సయించడం మానేసింది.

ఇక సలహాలిచ్చేవాళ్లకేం కొదవ. డాక్టరు గోళీలిచ్చాడు. అవి వేసుకుంటే ఆయన నిద్రా పోడు, మెలకువగానూ ఉండడు. పక్క గది వెంకటవ్వ జాజికాయ అరగదీసి పాలలో కలిపి పట్టమంది. అందరూ చివరికి తేల్చిందొక్కటే. ఇన్నేళ్లు ఆ మోతలో ఉండి నరాలు చెడ్డాయి, మనిషికి శాంతి కావాలి, చప్పుడు లేని చోటికి తీసుకుపో అని. నేనూ తలాడించాను. ఊరంతా ఒకే మాట అంటుంటే అది నిజమే కాబోలు అనుకునే రకం గొర్రెల్లో నేనూ ఒకదాన్ని.

ప్రవల్లిక ప్రకటనలు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. ఆ సర్ఫ్ గామ్ ప్రకటనల పని వాళ్లదే కనుక మా పిల్లకు డబ్బు కట్టకుండా ఉండే పాసు ఇచ్చారు.

"అమ్మీ, గాడ ఫుల్ శాంతి ఉంటది. లొల్లి చెయ్యనియ్యరు. పప్పా మస్తు పంటడు చూడు" అంది.

"మీ నాయిన డుమస్ సూడనట్టే సెప్తున్నవ్" అన్నాను.

"డుమస్ కాదే. గోవాల, బాలీల ఉంటయి సూడు సర్ఫ్ టౌన్లు, గట్ల. జనం రిలాక్స్ కానీకి పోతరు."

"పండుకోనీకి గోడ అవతల్కి పోవాల్నా?"

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మా అమ్మ అంటుండేది. నిద్ర కోసం సుఖాన్ని వెతుక్కుంటూ పోయిన మొదటి మనుషులం మేమే అయ్యుంటాం. ప్రవల్లిక మమ్మల్ని గేటు దగ్గర దింపి, ఆఫీసుకు ఆలస్యమవుతుందని పోయింది.

లోపల హేతల్ అనే మేనేజరు పిల్ల ఎదురొచ్చి చెరో కొబ్బరిబోండం చేతిలో పెట్టింది. దానికి కాగితం గొడుగు గుచ్చి ఉంది. బోండానికి ఎండ తగులుతుందని కాబోలు! రాజలింగం ఆ గొడుగును జాగ్రత్తగా ఊడదీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మాకిచ్చిన గదిని కుటీరం అన్నారు. బయటి గోడకు వెదురు అతికించి ఉంది, లోపల ఏసీ. వెదురు ఉన్నది బీదతనం చూసి ముచ్చటపడటానికి, ఏసీ ఉన్నది ఆ బీదతనం ఒంటికి తగలకుండా ఉండటానికి.

వచ్చినవాళ్లంతా బట్టల మార్కెట్ సేఠ్‌లూ వాళ్ల ఇల్లాళ్లూ. మగవాళ్లు మోకాళ్ల దాకా లాగులు తొడుక్కుని పొట్టలు ఆరబెట్టుకుంటున్నారు. ఆడవాళ్లు మెడ నుంచి మోకాలి దాకా ఒంటికి అతుక్కుపోయే రబ్బరులాంటి బట్టల్లో దూరి, ఊపిరి బిగబట్టి ఫోటోలు దిగుతున్నారు. మగవాళ్ల పూల చొక్కాలు చూసి నాకు నవ్వాగలేదు. ఆ పూలు మా పక్క వీధి మిల్లులో అచ్చేసినవే. ఇక్కడి బట్ట ఇక్కడే కొని, విదేశం వేషం కట్టి, ఇంటి నుంచి గంట దూరం రాకుండానే విదేశం చేరుకున్నారు మహానుభావులు.

నేను నవ్వగానే హేతల్ పరుగున వచ్చింది. "ఆంటీ, ధీమే, ధీమే" అని వేలు పెదవుల మీద పెట్టి హిందీలో బతిమాలింది. "అందరూ రిలాక్స్ అవుతున్నారు."

రాజలింగం చుట్టూ చూశాడు. ఉయ్యాల గుడ్డల్లో పడుకున్నవాళ్లు, పుస్తకం ముఖం మీద బోర్లించుకున్నవాళ్లు, కళ్లు మూసుకుని గాలి పీల్చి వదిలేవాళ్లు.

"గీళ్లేందే, ఎవలన్న సచ్చిండ్రా, గింత సప్పుడు లేకుంట కూసున్నరు?" అన్నాడు. ఆయనకు మెల్లగా అన్నట్టే. తొట్టి అవతలి గట్టు మీద ఉన్న ఆవిడ కూడా తల తిప్పి చూసింది.

ఆ రాత్రి సంగతి చెప్పేందుకేమీ లేదు. తెల్లారి నేను లేచేసరికి ఆయన కుర్చీలో కూర్చుని, ఎర్రటి కళ్లతో తెల్లటి పరుపు వంక చూస్తున్నాడు.

"పండలేదా?"

"చెవులల్ల గుయ్యిమంటున్నది. ఏం ఇనపడ్తలేదు. ఏం ఇనపడకపోతె ఎట్ల పండాలె?"

"ఇనపడితె పండనోళ్లను సూసిన గాని, ఇనపడకపోతె పండనోణ్ణి నిన్నే సూస్తున్న" అని కసిరాను. నోటికొచ్చిన మాట అనేశానే గానీ దాని అర్థం నా బుర్రకు ఎక్కలేదు.

టిఫిను తిన్నాక నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి మనిషి లేడు. గదిలో లేడు, భోజనశాలలో లేడు, కొబ్బరిచెట్ల కింద లేడు. నిద్రలేని మనిషి, అడుగు తడబడుతున్నవాడు. ఎక్కడ పడ్డాడో, గోడ దూకి అసలు సముద్రంలోకే పోయాడో అని అటూ ఇటూ పరుగెత్తాను. ఉయ్యాలలో ఊగుతున్న ఒక సేఠ్‌ను అడిగాను. నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తాడు, నన్ను చూశాడు, మళ్లీ దించుకున్నాడు. అంతే. ఆ కళ్లద్దాలు ఎత్తిన శ్రమకు ఇంకో బోండం తాగి ఉంటాడు.

తొట్టి వెనక పొదల చాటున తగరపు షెడ్డు ఒకటి ఉంది. దాని దగ్గరికి పోతుంటేనే నా కాళ్ల కింద నేల అదరసాగింది. ఆ తర్వాతే మోత వినపడింది. ఢబ్ ఢక్, ఢబ్ ఢక్, ఢబ్ ఢక్. అలలు పుట్టించే పెద్ద పంపు అది. ఆ మోత అతిథుల చెవిన పడకుండా గోడలకు దిండ్లలాంటివి అతికించి, దాన్ని అంత దూరంగా దాచారు. తలుపు తీసి చూస్తే, గోడ పక్కన మడతపెట్టిన టార్పాలిన్ మీద, చెయ్యి తల కింద పెట్టుకుని, నోరు తెరుచుకుని, నా మొగుడు నిద్రపోతున్నాడు.

పంపు దగ్గర నలభై దాటిన మనిషి ఒకడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నా బొట్టూ పుస్తెలతాడూ చూసి తెలుగులోనే పలకరించాడు. అతని పేరు గణపతి, సూరత్‌లోనే కోసాడ్ నుంచి వచ్చి ఈ పంపు నడుపుతాడు.

"అక్కా, మీ ఆయననా? పొద్దుగాల మిషిన్ షురూ కాంగనే వచ్చి గోడకు ఆనుకొని కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టె పండిండు. ఏమన్న అయిందా అని నేను ముక్కుకాడ చెయ్యి వెట్టి గూడ సూసిన."

నాకు ఏడుపు వచ్చింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. డాక్టరు మీద, జాజికాయ మీద, శాంతి మీద, అన్నిటికంటే ఎక్కువగా నా మీద. ముప్పై ఏళ్లు పక్కన పడుకున్న దాన్ని. గ్లాసులు గూట్లో నడిచే ఆ మోతే ఆయనకు జోల అని నాకు తెలియలేదు. సాంచ ముందు ఎందుకు కునికాడో, పరుపు మీద ఎందుకు దొర్లాడో ఇంత తేటగా కనిపిస్తుంటే, చెవిటివాడి చేతికి శంఖం ఇచ్చినట్టు ఆయన చేతిలో శాంతి పెట్టి తిప్పుతున్నాను.

అంతలో గణపతి ఏదో మీట నొక్కాడు, పంపు ఆగింది. నీళ్లలో ఒకడు పడిపోతే పైకి తీస్తున్నారట. నిశ్శబ్దం కాగానే రాజలింగం కనురెప్పలు కదిలాయి, చెయ్యి దేనికోసమో తడిమింది. పంపు మళ్లీ మొదలైంది, ఆయన మళ్లీ మునిగిపోయాడు.

"ఎప్పటి దాక నడుస్తది గిది?" అని అడిగాను.

"గిప్పుడు అందరు తినవోతరు. నీళ్లల్ల మనిషి లేకపోతె బంద్ చెయ్యాలె అక్కా. మేడం కెమెరాల సూస్తది, నా నౌకరి పోతది. మళ్ల నాలుగింటికి షురూ."

"ఎంతమంది ఉండాలె?"

"ఒక్కలున్నా సాలు. పలక మీద ఉండాలె."

పరుగున తొట్టి దగ్గరికి పోయాను. చివరి సేఠూ ఆయన భార్యా గట్టెక్కి ఒళ్లు తుడుచుకుంటున్నారు. "భాయ్, ఇంకాసేపు ఆడండి, ఇంత బాగా ఆడుతున్నారు కదా" అని నాకొచ్చిన హిందీలో పొగిడాను. జన్మలో సేఠ్‌లను పొగడటం అదే మొదలు. ఆయన పొట్ట మీద తువాలు చుట్టుకుని, "ఖానా ఠండా హో జాయేగా ఆంటీ. ఆప్ ఖేలో" అన్నాడు. తిండి చల్లారిపోతుంది, నువ్వే ఆడుకో అని. భార్య కిసుక్కున నవ్వింది.

సరే, నేనే ఆడతాననుకున్నాను.

చీరతో దిగనివ్వం అంది హేతల్. నన్ను పైనుంచి కిందికి చూసి, నా సైజు దొరుకుతుందో లేదో అన్నట్టు మొహం పెట్టి, చివరికి ఆ రబ్బరు బట్ట ఒకటి తెచ్చిచ్చింది. అందులో దూరడమంటే మూరెడు దిండు గలీబులోకి బారెడు పరుపును తోసినట్టే. పుస్తెలతాడు లోపలికి దోపుకుని అద్దంలో చూసుకున్నాను. నిన్నంతా నేను ఎవరెవరిని చూసి నవ్వుకున్నానో వాళ్లందరినీ కలిపి కుట్టినట్టున్నాను. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అనే సామెతకు మూడో ముక్క ఒకటుంది. వలపు సిగ్గెరుగదు అని. యాభై ఏళ్లొచ్చాక ఆ మాట నా నోటితో నేను అనలేదు, బట్ట పైకి లాక్కుని బయటికి నడిచాను.

నీళ్లలో కాపలా ఉండే మనిషి నా ఒంటికి దూది చొక్కాలాంటిదొకటి కట్టి, పలక మీద బోర్లా పడుకోబెట్టి వదిలాడు. మొదటి అలకే పలక ఒక దిక్కు, నేను ఒక దిక్కు. ముక్కులో, చెవుల్లో నీళ్లు. దగ్గుతూ లేచి మళ్లీ పలక పట్టుకున్నాను. రెండో అలకు తలకిందులయ్యాను. మూడోదానికి పలక వచ్చి గడ్డానికి కొట్టింది. నిజం సముద్రం ఏనాడూ నన్ను ఇలా అవమానించలేదు, పాదాలు తడిపి పంపించేది. భోజనశాల నుంచి జనం కంచాలు చేతుల్లో పట్టుకునే బయటికొచ్చారు. ఒక చేత్తో పూరీ, ఒక చేత్తో ఫోను. కళ్లద్దాల సేఠ్ ఈసారి అద్దాలు పూర్తిగా తీసేశాడు. రిలాక్స్ అవడానికి ఇంతకంటే ఏం కావాలి వాళ్లకు! నవ్వండ్రా, నవ్వితేనే ఇక్కడ నిలబడతారు, నిలబడితే కెమెరాలో నిండుగా కనిపిస్తుంది, పంపు ఆగదు అనుకున్నాను.

ఒకసారి నేను మునిగి లేచేసరికి అల మెత్తబడినట్టనిపించింది.

"అల ఆపకు, గణపతీ! అల ఆపకు!"

సాంచల మోతను దాటి కేకలేసి పెరిగిన గొంతు నాది. సర్ఫ్ గామ్‌లో ఉయ్యాలలన్నీ ఒక్కసారి కదిలాయి. హేతల్ గట్టు మీద నిలబడి "ఆంటీ, ధీమే!" అని రెండు చేతులూ ఊపింది. పలక కింద నీళ్లలో ఢబ్ ఢక్ గట్టిగా తగిలింది. నేను పలకను కావలించుకున్నాను.

తిండి అయ్యాక కొందరు నా పక్కన నిలబడి ఫోటో దిగాలని నీళ్లలోకి దిగారు. ఈ ముసలామే ఇంతసేపు పడుతూ లేస్తూ ఉంటే మనకేమని ఇంకొందరు దిగారు. నేను గట్టెక్కి మెట్ల మీద కూలబడ్డాను గానీ లోపలికి పోలేదు. ఎవరైనా బయటికి వస్తే మళ్లీ దూకాలి కదా. సాయంత్రం దీపాలు వెలిగించే దాకా ఆ పంపు ఆగలేదు.

అది ఆగాక రాజలింగం పొదల్లోంచి నడుచుకుంటూ వచ్చాడు. ముఖం ఉబ్బి, చెంప మీద టార్పాలిన్ అచ్చు పడి, కళ్లు తేటగా ఉన్నాయి. దీపావళి తర్వాత ఆ కళ్లను అలా చూడటం అదే. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏందే గీ ఏశం? సర్కస్ల చేరినవా?"

"నిద్ర పట్టిందా?"

"నిద్ర సంగతి తర్వాత. ఇజ్జత్ తీసినవ్ గదనే! అందరు నవ్వుతున్నరు. గీ వయసుల గా అంగీ ఏంది, గా దుంకుడేంది? జర కన్ను మూస్తె సాలు, ఆగమైతవ్."

"పట్టిందా లేదా సెప్పు."

"మస్తు పట్టింది. సముద్రం గాలి సల్లగున్నది గద" అన్నాడు.

సముద్రం గాలి! తగరపు షెడ్డులో, దిండ్లు అతికించిన గోడల మధ్య, నూనె కంపులో ఈయనకు సముద్రం గాలి తగిలింది. తిట్టు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకు పట్టిందో చెబితే పడుకున్నప్పుడల్లా దాన్నే ఆలోచిస్తాడు, ఆలోచిస్తే ఉన్నదీ పోతుంది. నిద్ర అలాంటిది. "అవ్, గాలే" అన్నాను.

మర్నాడే ఇంటికి వచ్చేశాం. నేను భేస్తాన్ గల్లీలన్నీ తిరిగి గది మార్పించాను. ఒక పక్క గోడ మొత్తం నడుస్తున్న కార్ఖానాది, అందుకని ఎవరూ రాక ఏడాదిగా తాళం వేసి ఉన్న గది. మోత ఎక్కువమ్మా అని ఇంటాయన ముందే నిజాయితీగా చెప్పాడు. నేను గోడ మీద చెయ్యి పెట్టి చూసి, ఇదే కావాలన్నాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నదట అని వెంకటవ్వ నా ముందే అంది. గూట్లో గ్లాసులు మళ్లీ నడుస్తున్నాయి.

నెలాఖరు రాకముందే రాజలింగం పనిలోకి పోయాడు. నేను తలకిందులవుతుంటే ఎవరో తీసిన వీడియో ప్రవల్లిక ఆఫీసుకు చేరింది, అక్కడి నుంచి ఈయన ఫోనుకు వచ్చింది. ఇక పట్టుకోవడం ఎవరి తరం. రోజూ పొద్దున డ్యూటీ దిగి వస్తాడు, నాలుగు ముద్దలు తింటాడు, నర్సింగాన్నో ఇంకొకణ్ణో గుమ్మంలో కూర్చోబెట్టి ఫోను తెరుస్తాడు.

ఈ ఉదయం కూడా మొదలుపెట్టాడు. "సూడు సూడు, గిప్పుడు పడ్తది. పంది బురదల దొర్లినట్టు లేదా? నేను పండిన ఒక్క పూటల గిది నా ఇజ్జత్ మొత్తం..."

అటు గోడ అవతల పగటి డ్యూటీ వాళ్లు సాంచలు ఆన్ చేశారు. ఇటు మాట ఆగింది. చూస్తే గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు, ఆ మిగిలిన తిట్టు నోట్లోనే ఉండిపోయింది. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. పది వేళ్లూ ఉన్నాయి. నర్సింగం నవ్వుకుంటూ లేచి పోయాడు. ఫోనులో నేనింకా పడుతూనే ఉన్నాను. దాన్ని తీసి ఆపేసి, ఆయన తల కింద దిండు పెట్టాను.